ఆకులు రాలిన మిరప మొక్కను అప్పుడే పారేయకండి

ప్రశ్న: మేం ఉండే చోట చలికాలంలో మంచు గడ్డకడుతుంది. నిరుడు ఎంతో ఇష్టంగా పెంచుకున్న మిరప మొక్కను చలి మొదలవగానే ఇంట్లోకి తెచ్చి హాల్లో హీటర్ పక్కన పెట్టాను. వాడిపోతుందేమోనని రోజూ నీళ్లు పోశాను. నెల తిరక్కుండానే ఆకులు పసుపుపచ్చగా మారి రాలిపోయాయి. మిగిలిన చిగుళ్ల నిండా పేనుబంక. చచ్చిపోయిందనుకుని పారేశాను. ఈసారి మూడు కుండీలు ఉన్నాయి: ఒకటి సన్న మిరప, ఒకటి హాబనేరో, ఒకటి బుట్ట మిరప. హాబనేరో ఇప్పుడిప్పుడే కాపుకొచ్చింది. రాత్రిళ్లు చల్లబడుతున్నాయి, నాకు టెన్షన్ మొదలైంది. వీటిని వసంతం దాకా బతికించుకునే దారి ఉందా? లేక ఏటా విత్తనం నుంచి మొదలుపెట్టాల్సిందేనా? – ఒక పాఠకురాలు

సమాధానం: దారి ఉందండీ. నిరుడు మీరు పడ్డ శ్రమలో సగం కూడా అక్కర్లేదు. మిరప ఒక్క ఏడాదితో ఆయుష్షు తీరిపోయే మొక్క కాదు. మంచు పడని చోట ఏళ్ల తరబడి బతుకుతుంది, మొదలు గట్టిపడి బెరడు కడుతుంది, పొదలా పెరుగుతుంది. చలి దేశాల్లో దాన్ని ఒక్క సీజన్‌కే పెంచుతారంటే కారణం మంచే. గడ్డకట్టే చలి ఒక్క రాత్రి తగిలినా ఆకులు నల్లబడి వేలాడిపోతాయి. ఆ నాలుగైదు నెలలూ చలి తగలకుండా దాటిస్తే, వచ్చే ఏడాది అదే మొక్క మళ్లీ కాస్తుంది. అదీ విత్తనం నుంచి వచ్చిన మొక్క కంటే చాలా ముందుగా.

ముందు నిరుటి సంగతి చూద్దాం, ఎందుకంటే ఈ ఏడాది చేయాల్సిందంతా అందులోనే తెలుస్తుంది. మనింట్లో బాగా వెలుతురున్న కిటికీ దగ్గర కూడా ఆరుబయట ఉండే వెలుతురులో కొద్ది వంతే ఉంటుంది. మన కళ్లు సర్దుకుంటాయి కాబట్టి మనకు ఆ తేడా తెలియదు, మొక్కకు తెలుస్తుంది. అంత తక్కువ వెలుతురులో అన్ని ఆకులనూ పోషించలేక వాటిని రాల్చేస్తుంది. ఆకులు తగ్గితే వేర్లు నీళ్లు తాగడమూ తగ్గుతుంది. మీరేమో రోజూ పోశారు. మట్టి తడి ఆరలేదు, వేర్లకు గాలి అందలేదు, కుళ్లడం మొదలైంది. కుళ్లిన వేరు నీటిని లాగలేదు కాబట్టి మొక్క పైన వాడినట్టే కనబడుతుంది. అది చూసి దాహమనుకుని ఇంకా పోస్తాం. ఇంట్లో పోయే మిరప మొక్కల్లో ఎక్కువ భాగం ఇలాగే పోతాయి, చలికి కాదు. మీరు పారేసిన రోజున ఆ మొక్క మొదలు దగ్గర ఇంకా ప్రాణం ఉండే ఉంటుందని నా అనుమానం. అది తెలుసుకునే పరీక్ష కింద చెబుతాను.

కాబట్టి ఈ చలికాలంలో మొక్కను పెంచాలన్న ఆశ పక్కన పెట్టండి. దాన్ని నిద్రపుచ్చి ఉంచాలి, అంతే. ఇంట్లో లైట్లు పెట్టి చలికాలమంతా కాయించేవాళ్లూ ఉన్నారు, దాని గురించీ రెండు మాటలు చెబుతాను. కానీ మీకు నా సలహా మాత్రం మొక్కను బాగా కత్తిరించి, చల్లటి గదిలో, అరకొర నీళ్లతో ఉంచడమే. ఖర్చు తక్కువ, పురుగుల బెడద తక్కువ, మీ టెన్షన్ కూడా తక్కువ.

మూడింటినీ తప్పకుండా ఉంచాలా అంటే, అక్కర్లేదు. హాబనేరోను మాత్రం వదులుకోకండి. ఆ జాతి మిరపలు మొలకెత్తడానికే రెండు మూడు వారాలు తీసుకుంటాయి. నారు నాటిన తర్వాత పండు చేతికి రావడానికి మరో 100 రోజులో అంతకంటే ఎక్కువో పడుతుంది. వేసవి చిన్నగా ఉండే చోట అవి కాపుకొచ్చేసరికి చలి తలుపు తడుతుంది. మీకు ఈ ఏడాది జరిగింది అదే. వేర్లు, మొదలు సిద్ధంగా ఉన్న పాత మొక్కకైతే ఆ ఆలస్యం ఉండదు. సన్న మిరప విత్తనం నుంచి కూడా త్వరగానే వస్తుంది, అయినా కాండం గట్టిపడి ఉంటే ఉంచుకోండి. బుట్ట మిరప విషయంలో నేనైతే అంత పట్టుపట్టను. చోటుంటే సరే, లేకపోతే కాయలు కోసుకుని దాన్ని వదిలేయండి. ఇక ఏ మొక్కైనా ఆకుల మీద పసుపు, ఆకుపచ్చ మచ్చలు కలగలిసి, ఆకులు గిడసబారి ఉంటే అది వైరస్ తెగులు కావచ్చు. దానికి మందు లేదు. అలాంటిదాన్ని ఇంట్లోకి తేవద్దు.

ఎప్పుడు తేవాలి? రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీల దరిదాపుల్లోకి దిగుతోందంటే అదే సమయం. మంచు పడుతుందన్న వార్త వినేదాకా ఆగకండి. 12 డిగ్రీల కంటే తగ్గితే మిరప ఎదుగుదల దాదాపు ఆగిపోతుంది. 5 డిగ్రీల కిందకు వెళితే మంచు పడకపోయినా ఆకులు దెబ్బతింటాయి. ఒక వారం ముందే పని పెట్టుకుంటే తీరిగ్గా చేసుకోవచ్చు.

ఇప్పుడు కత్తిరింపు. చాలామందికి చెయ్యి ఆడనిది ఇక్కడే. ముందు కాయలన్నీ కోసేయండి, పచ్చివి కూడా. రంగు తిరగడం మొదలైన కాయలు ఇంట్లో పెడితే పండుతాయి. పూత, పిందె ఏదీ ఉంచవద్దు. తర్వాత మొక్కను కింది నుంచి చూడండి. మట్టిలోంచి ఒకే కాండం లేచి, కొంత పైకి వెళ్లాక రెండుగానో మూడుగానో చీలుతుంది. ఆ ఒక్కో కొమ్మ మళ్లీ రెండుగా చీలుతుంది. మొదటి చీలికను ముట్టుకోవద్దు. దాని పైనున్న కొమ్మల్లో ఒక్కోదానికి రెండు మూడు కణుపులు మిగిలేలా ఉంచి పైదంతా కత్తిరించండి. కణుపు అంటే ఆకు పుట్టిన చోటు. వేలితో తడిమితే చిన్న ఉబ్బులా తగులుతుంది, కొత్త చిగురు వచ్చేది అక్కడి నుంచే. కణుపుకు అర అంగుళం పైన కోత పెట్టండి. కోసిన చోటు నుంచి కొమ్మ కొంత కిందికి ఎండుతుంది, ఆ అర అంగుళం అందుకే. అంతా అయ్యాక మీ ముందు జానెడు ఎత్తు మోడు మిగలాలి. ఒకటీ రెండూ లేత ఆకులు ఉంటే ఉండనివ్వండి. చూడ్డానికి ప్రాణం ఉసూరుమంటుంది గానీ, పోషించాల్సిన ఆకులు లేకపోవడమే ఇప్పుడు ఆ మొక్కకు మేలు.

కత్తెరను ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకు వెళ్లేముందు స్పిరిట్‌తో తుడవండి. ఇంట్లో సిగరెట్ తాగేవాళ్లు ఉంటే, మొక్కను ముట్టుకునేముందు సబ్బుతో చేతులు కడుక్కోమనండి. పొగాకుకు వచ్చే మొజాయిక్ వైరస్ మిరపకూ సోకుతుంది, చేతుల ద్వారా కూడా.

కత్తిరించాక కుండీలోంచి మొక్కను తీయండి. వేసవంతా బయట ఉన్న మట్టిలో పురుగుల గుడ్లు ఉంటాయి, ఇంటి వెచ్చదనానికి అవన్నీ పొదుగుతాయి. వేర్ల చుట్టూ, అడుగున ఉన్న మట్టిని మూడో వంతు దాకా వేళ్లతో మెల్లగా దులపండి. పురుగులు కనబడితే మొత్తం మట్టి పోయేలా గోరువెచ్చని నీళ్లలో కడిగేయండి, మిరప తట్టుకుంటుంది. వేర్లను కాస్త పరీక్షగా చూడండి. తెల్లగానో లేత గోధుమ రంగులోనో గట్టిగా ఉంటే ఆరోగ్యంగా ఉన్నట్టు. ముదురు గోధుమ రంగులో మెత్తగా ఉండి, పట్టుకుంటే పైతోలు ఊడివచ్చేవి కుళ్లినవి, వాటిని కత్తిరించేయండి. కుండీ చుట్టూ మెలికలు తిరిగిన పొడవాటి వేర్లను కూడా కొంత తగ్గించవచ్చు. తర్వాత అడుగున చిల్లులున్న చిన్న కుండీలో, కొబ్బరి పొట్టు కలిసిన తేలికైన కొత్త మట్టి మిశ్రమంలో నాటండి. పెద్ద కుండీ వద్దు. వేర్లు అందుకోలేనంత మట్టి ఉంటే ఆ తడి ఎప్పటికీ ఆరదు. ఒక్కసారి నిండా నీళ్లు పోసి, పూర్తిగా కారిపోనిచ్చి, కింది పళ్లెంలో చేరిన నీటిని పారబోయండి. ఎరువు వేయవద్దు.

ఇంట్లోకి తెచ్చేముందు ఇంకో పని మిగిలింది, అన్నిటికంటే దీన్నే శ్రద్ధగా చేయమంటాను. మీ మొక్క చిగుళ్ల మీద కనబడిన పేనుబంక ఎక్కడి నుంచో ఎగిరి వచ్చింది కాకపోవచ్చు, మీ కుండీతో పాటే లోపలికి వచ్చి ఉంటుంది. ఆడ పేనుకు మగదాని అవసరం లేకుండానే పిల్లలు పుడతాయి. గుడ్ల బెడద కూడా లేదు, నేరుగా పిల్లల్నే కంటుంది. బయట అక్షింతల పురుగులు వాటిని తిని అదుపులో పెడతాయి, ఇంట్లో ఆ దిక్కు లేదు. ఒక్కటి మిగిలినా కొన్ని వారాల్లో కొమ్మంతా జిగట పడుతుంది. అందుకని మోడును ముంచి తీయండి. లీటరు నీటిలో 5 మిల్లీలీటర్లు, అంటే ఒక చెంచాడు, ఘాటు లేని ద్రవ సబ్బు కలపండి. కుండీ మట్టి మీద ప్లాస్టిక్ కవరు చుట్టి మట్టి జారకుండా చేత్తో పట్టుకుని, మొక్కను తలకిందులుగా ఆ నీటిలో ముంచి, అటూ ఇటూ ఆడించండి. కొమ్మల చీలికల్లో, కణుపుల సందుల్లో వేలితో రుద్దండి, అవి దాక్కునేది అక్కడే. కాసేపాగి మంచినీళ్లతో కడిగేయండి. వారం తిరక్కుండా మళ్లీ ఒకసారి, ఇంకో వారానికి మరోసారి ఇలాగే చేయాలి. సబ్బు నీరు ఒంటికి తగిలిన పురుగునే చంపుతుంది, తెల్లదోమ, నల్లి గుడ్లను అది ఏమీ చేయలేదు. అవి పొదిగాక వచ్చే పిల్లల కోసమే ఈ రెండోసారీ మూడోసారీ. వేప నూనె కూడా మంచిదే. లీటరుకు 5 మిల్లీలీటర్లు, కలవడానికి కొన్ని చుక్కల సబ్బు చాలు. ముందు ఒక ఆకు మీద చల్లి మర్నాడు చూసి తర్వాత మొత్తం చల్లండి, ఎండ తగులుతుండగా మాత్రం వద్దు. రెండు వారాల పాటు మిగతా ఇంటి మొక్కలకు దూరంగా ఉంచండి.

ఎర్రనల్లి గురించి కూడా తెలిసి ఉండాలి. అది వేడి, పొడి గాలిలో విజృంభిస్తుంది. హీటర్ పక్కన మొక్కను పెట్టొద్దనడానికి అదొక కారణం. ఆకు మీద సూదితో పొడిచినట్టు లేత చుక్కలు, అడుగున సన్నటి గూళ్లు కనబడితే అదే. ఆకు కింద తెల్ల కాగితం పట్టి తట్టండి, పడిన దుమ్ములో చుక్కలు కదిలాయంటే ఇక అనుమానం లేదు. చిగురాకులు ముడుచుకుంటే మిరప రైతుల లెక్క పనికొస్తుంది: అంచులు పైకి ముడిస్తే పైముడత, తామర పురుగుల పని, కిందికి తిరగేసిన పడవలా ముడిస్తే కింది ముడత, తెల్లనల్లి పని. తెల్లనల్లి కంటికి ఆనదు, కాబట్టి పురుగేమీ కనబడలేదని ధీమాగా ఉండొద్దు. ముడుచుకున్న చిగుళ్లను తుంచి బయట పారేయండి.

ఇక ఎక్కడ పెట్టాలన్నది. 10 నుంచి 15 డిగ్రీల మధ్య ఉండే, కాస్త వెలుతురు పడే చోటు వెతకండి. హీటర్ వేయని గది, మెట్ల దారి, అద్దాలు మూసిన వరండా, కిటికీ ఉన్న గ్యారేజీ, ఏదైనా సరే. 5 డిగ్రీల కిందకు మాత్రం దిగకూడదు. ఒక చిన్న థర్మామీటరు కుండీ పక్కనే పెట్టి తెల్లవారుజామున చూడండి, అసలు సంగతి అప్పుడు తెలుస్తుంది. గట్టు మీద పెడితే కొమ్మలు రాత్రిపూట కిటికీ అద్దానికి ఆనకూడదు. రాతి గచ్చు మీద నేరుగా పెట్టకుండా కింద చెక్క ముక్కో థర్మోకోల్ ముక్కో వేయండి. వేర్లకు చలీ తడీ కలిసి తగిలితే కుళ్లు ఖాయం.

అంత చల్లటి చోటు ఇంట్లో లేకపోతే? వెచ్చటి గదిలో మోడు నిద్రపోదు, చిగుళ్లు వేస్తుంది. వెలుతురు లేకుండా వచ్చిన చిగురు పాలిపోయి, సన్నగా, పొడుగ్గా సాగుతుంది. పేనుబంకకు అంతకంటే ఇష్టమైన మేత లేదు. కాబట్టి వెచ్చదనం తప్పనప్పుడు వెలుతురు కూడా ఇవ్వాల్సిందే. మొక్కలకోసం చేసిన తెల్లటి ఎల్ఈడీ లైటును మొక్కకు అడుగు ఎత్తున వేలాడదీసి, టైమర్ పెట్టి రోజుకు 12 నుంచి 14 గంటలు వెలగనివ్వండి. ఇలా పెంచిన మొక్క పూత కూడా వేయవచ్చు. తుంచేయండి, ఇప్పుడు దానికి కాయలు మోసే ఓపిక లేదు.

నీళ్ల విషయంలో తేదీలు చూసుకోకండి, కుండీ ఎత్తి చూడండి. నాటేముందు పొడి మిశ్రమం నింపిన కుండీ ఎంత బరువుందో, నీళ్లు పోశాక ఎంత బరువుందో ఒకసారి చేతులతో గుర్తుపెట్టుకుంటే చాలు. బరువు బాగా తగ్గి, వేలు రెండంగుళాలు దించినా తడి తగలనప్పుడే పోయాలి. అదీ ఒక చిన్న గ్లాసుడు, గది వేడిలో ఉన్న నీళ్లు. చల్లటి గదిలో ఆకుల్లేని మోడుకు రెండు మూడు వారాలకొకసారి కూడా పోయాల్సిన అవసరం రాకపోవచ్చు. అలాగని మట్టి ఎండి కుండీ గోడను వదిలి బీటలు వారేదాకా మర్చిపోకూడదు. సందేహం వస్తే ఆ రోజు పోయకండి, రెండు రోజులాగి మళ్లీ ఎత్తి చూడండి.

ఉన్న ఆ రెండు ఆకులూ కూడా రాలిపోతాయి. రాలనివ్వండి. మొక్క బతికుందో లేదో ఆకులు చెప్పవు, బెరడు చెబుతుంది. కొమ్మ మీద గోటితో సన్నగా గీరండి. లోపల పచ్చగా, చెమ్మగా ఉంటే ప్రాణం ఉన్నట్టే. గోధుమ రంగులో పొడిగా ఉంటే ఆ కొమ్మ ఎండిపోయింది, ఇంకాస్త కిందికి వెళ్లి గీరండి. పైన అంతా ఎండినా మొదట్లో పచ్చదనం కనబడితే ఆగండి, అక్కడి నుంచి కూడా చిగురు వస్తుంది. మట్టిని ఆనుకున్న చోట కాండం మెత్తగా నొక్కుకుపోతోందంటే మాత్రం ఇక ఆశ లేదు. అనుమానం తీరకపోతే వసంతం వచ్చేదాకా కుండీని కదపకండి.

ఇంకొక చిన్న విషయం, చాలామంది దీన్ని చూసి భయపడతారు. ఆకుల అడుగున చిన్న చిన్న బొబ్బలు, పంచదార పలుకుల్లాంటి గింజలు కనబడవచ్చు. అవి కదలవు, కాళ్లుండవు. వేర్లు తాగిన నీటిని ఆకులు బయటికి వదల్లేక కణాలు ఉబ్బినప్పుడు వచ్చేవి అవి. మందు కొట్టనక్కర్లేదు, నీళ్లు తగ్గించి వెలుతురు, గాలి పెంచితే చాలు.

చలికాలం చివర్లో పగటి పొద్దు పెరగగానే కణుపుల దగ్గర గుండుసూది తలంత పచ్చటి చుక్కలు కనబడతాయి. అప్పుడు కుండీని వెచ్చటి, బాగా వెలుతురున్న చోటికి మార్చండి, నీళ్లు కొద్దికొద్దిగా పెంచండి. ఎండిన కొన కొమ్మలను పచ్చదనం ఉన్న చోటిదాకా కత్తిరించండి. నాలుగైదు ఆకులు విప్పుకున్నాక ఎరువు సగం మోతాదులో మొదలుపెట్టి, వేర్లు నిండాక పెద్ద కుండీకి మార్చండి. పురుగుల మీద మళ్లీ ఓ కన్నేసి ఉంచాల్సిన సమయం కూడా ఇదే. ఎంత జాగ్రత్తపడ్డా కొన్ని మొక్కలు చలికాలం దాటవు, కాబట్టి హాబనేరో విత్తనాలు ఓ నాలుగు ఇదే సమయంలో పక్కన వేసి ఉంచుకోండి.

మంచు పూర్తిగా తగ్గి, రాత్రిళ్లు 12 డిగ్రీలకు పైనే ఉంటున్నాయని తేలాకే బయటికి తీయండి. అదీ ఒక్కసారిగా ఎండలో పెట్టొద్దు. మొదటి రోజు నీడలో ఓ గంటో రెండు గంటలో, ఆ తర్వాత రోజూ కొంచెం కొంచెం పెంచుతూ, వారం పది రోజుల్లో పూర్తి ఎండకు అలవాటు చేయండి. ఇంట్లో పుట్టిన ఆకులు పలచగా ఉంటాయి కాబట్టి ఇంత చేసినా కొన్నిటి మీద ఎండకు తెల్లటి మచ్చలు పడతాయి. అవి తెగులు కాదు. ఆ ఆకులు మళ్లీ పచ్చబడవు గానీ, బయట వచ్చే కొత్త ఆకులు మందంగా, ముదురు పచ్చగా ఉంటాయి. ఆ మచ్చలు చూసి కుండీని మళ్లీ లోపలికి తేవాల్సిన పనిలేదు.